గోడకు చెమట పడితే తప్పెవరిది?

తెలుగులో 'నెమ్ము' అన్న మాటకు రెండు అర్థాలున్నవి. గోడకు పట్టే చెమ్మ ఒకటి, పసిపిల్లల రొమ్ముకు పట్టే జబ్బు రెండవది. ఈ రెండింటికీ ఒకే మాట ఎందుకు వచ్చిందో తేల్చవలసినవారు భాషావేత్తలు. కాని బ్రిటన్‌లోని పాత ఇళ్లలో పిల్లాపాపలతో ఒక్క చలికాలం గడిపిన తెలుగు కుటుంబానికి ఆ సంబంధాన్ని ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. నవంబరులో కిటికీ అద్దాల మీద నీటి చుక్కలతో మొదలై, జనవరి నాటికి బీరువా వెనుక గోడ మీద నల్లని మచ్చలై, మార్చి నాటికి ఆ బీరువాలోని పట్టుచీరల మడతలలో ముక్కవాసనై తేలే వ్యవహారమిది.

దీనికి సాధారణంగా జరిగే చికిత్స అందరికీ తెలిసినదే. బ్లీచి తెచ్చి తుడవడం, ఆరిన తరువాత బూజు నిరోధక రంగు వేయడం, మరుసటి చలికాలానికి మళ్లీ మొదటికి రావడం. అద్దె ఇల్లయితే యజమానికి ఫిర్యాదు వెళుతుంది. ఆయన వచ్చి గోడను చూసి, వంటింటి వైపు చూసి, "మీరు వంట ఎక్కువ చేస్తారు, కిటికీలు తెరవరు" అని తీర్పు చెప్పి వెళతాడు. ఇంటివారు సిగ్గుపడి ఊరుకుంటారు. ఈ తీర్పులో కొంత నిజమున్నది, పెద్ద అన్యాయమూ ఉన్నది. ఏది నిజమో, ఏది అన్యాయమో విడదీసి చూడాలంటే భౌతికశాస్త్రాన్ని కొంచెం ఆశ్రయించక తప్పదు. చూసిన తరువాత ఇంటివారు చేయవలసిన పని ఇంటివారు చేయాలి, గోడ సొంతదారు చేయవలసిన పని గోడ సొంతదారు చేత చేయించాలి.

గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరి అందులో ఇముడుతుంది. ఒక ఘనమీటరు చోటులో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 17 గ్రాముల ఆవిరి ఉండగలదు. 10 డిగ్రీలకు చల్లబడితే 9 గ్రాములకు కొంచెం పైన, 0 డిగ్రీల వద్ద 5 గ్రాములకు లోపు మాత్రమే ఉండగలదు. ఆ చోటులో ఇమడగల ఆవిరిలో ఎంత భాగం నిజంగా ఉన్నదో చెప్పేదే సాపేక్ష ఆర్ద్రత. 20 డిగ్రీల గదిలో ఆర్ద్రత 60 శాతం ఉన్నదనుకుంటే, ఘనమీటరుకు 10 గ్రాముల చిల్లర ఆవిరి ఉన్నదని అర్థం. ఆ గాలే 12 డిగ్రీలకు చల్లబడితే నిండు కుండ అవుతుంది. అంతకన్న చల్లనిది ఏది తగిలినా దాని మీద నీరై దిగుతుంది. ఈ 12 డిగ్రీలనే ఆ గాలికి తుషారాంకం అంటారు. వేసవిలో చన్నీళ్లు పోసిన స్టీలు గ్లాసుకు బయట చెమట పట్టడం చూడని తెలుగువారు లేరు. ఆ నీరు గ్లాసులో నుంచి ఊరినది కాదు, చుట్టూ ఉన్న గాలిలోనిది. బ్రిటిష్ ఇంటి బయటిగోడ చలికాలంలో ఒక పెద్ద చన్నీళ్ల గ్లాసు.

ఇది ఎంత పాత సంగతో తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. మంచు ఆకాశం నుంచి రాలుతుందని కొందరు, నేల నుంచి లేస్తుందని మరికొందరు వాదించుకొంటున్న కాలంలో లండన్ వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ రాత్రిళ్లు తోటలలో ఉన్ని పీచులు పరచి, వాటి మీద చేరిన మంచును తూచి, వస్తువు ముందుగా చల్లబడుతుందనీ, ఆ తరువాతనే దాని మీద మంచు కడుతుందనీ నిర్ధారించాడు. ఆయన గ్రంథం 1814లో వెలువడింది. తేమ సంగతి మాట్లాడేటప్పుడు చల్లదనం సంగతి ముందు మాట్లాడాలని ఇన్నూరేళ్లకు పైగా తెలిసి ఉన్నా, గోడ మీద బూజును చూసిన ఇంటి యజమానులు మాత్రం ఇంకా పొయ్యి మీది గిన్నె వైపే చూస్తున్నారు.

ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటున్నది. బూజు పట్టడానికి గోడ మీద నీరు కారనక్కరలేదు. గోడను అంటిపెట్టుకొని ఉన్న పలుచని గాలిపొరలో సాపేక్ష ఆర్ద్రత 80 శాతం దాటి కొద్ది రోజులు అలాగే నిలిస్తే చాలు, శిలీంధ్ర బీజాలు మొలకెత్తుతాయి. పైన చెప్పిన గదిలోనే లెక్క వేస్తే, గోడ ఉపరితలం సుమారు 15 డిగ్రీలకు దిగేసరికి ఆ పరిస్థితి ఏర్పడుతుంది. నీరు కట్టాలంటే 12కు దిగాలి, బూజుకు 15 చాలు. అందుకే "మా గోడ ముట్టుకుంటే పొడిగానే ఉన్నది, మరి బూజెక్కడిది?" అన్న ప్రశ్న ప్రతి ఇంటా వినబడుతుంది.

ఈ విషయం తెలుగు ఇల్లాలికి మరొక రూపంలో ఎప్పటి నుంచో తెలుసు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వదు. జాడీ మూతి మీద గుడ్డ కట్టి, పైన నూనె తేలేటట్టు చూస్తుంది. ఉప్పు నీటిని బంధించి ఉంచుతుంది, నూనె గాలిని ఆపుతుంది. బూజుకు స్వేచ్ఛగా దొరికే తడి లేకుండా చేయడమే ఊరగాయ శాస్త్రం. గోడ మీద కూడా అదే సూత్రం. బూజు బీజాలు ప్రతి ఇంటి గాలిలోనూ ఉంటాయి, వాటిని ఎవరూ పూర్తిగా తొలగించలేరు. వాటికి ఆహారం గోడకాగితపు జిగురులోనూ, రంగులోనూ, దుమ్ములోనూ ఉండనే ఉన్నది. వెచ్చదనం ఇంటివారే ఇస్తున్నారు. మిగిలినది తడి ఒక్కటే. ఆ ఒక్కటి దొరకనీయకపోతే మిగతావి ఎన్ని ఉన్నా బూజు లేవదు.

ఇప్పుడు గోడ సంగతి. 1920కి ముందు కట్టిన ఇళ్లు ఇంగ్లండులో లెక్కకు మించి ఉన్నవి. ఉద్యోగరీత్యా వచ్చిన తెలుగు కుటుంబాలు లండన్ తూర్పు శివార్లలోనో, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ పట్టణాలలోనో మొదట దిగేది తరచుగా ఆ వరుస ఇళ్లలోనే. వాటి బయటిగోడ తొమ్మిది అంగుళాల ఘనమైన ఇటుక కట్టడం. చూడడానికి కోటగోడ వలె ఉంటుంది కాని వేడిని నిలపడంలో అది జల్లెడ. బయట 0 డిగ్రీలు, లోపల 20 డిగ్రీలు ఉన్నప్పుడు ఇటువంటి గోడ లోపలి ముఖం 14, 15 డిగ్రీల మధ్య ఉంటుందని లెక్కకు వస్తుంది. అంటే ఇంటివారు ఏ తప్పూ చేయకుండా, గదిని చక్కగా 20 డిగ్రీల వద్ద ఉంచుకొని, ఆర్ద్రతను 60 శాతానికి మించనీయకుండా కాపాడుకొన్నా, చలి ముదిరిన వారంలో ఆ గోడ బూజు గీతను తాకుతూనే ఉంటుంది. తరువాతి తరం ఇళ్లలో రెండు వరుసల ఇటుకల మధ్య ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో ఉష్ణనిరోధక పదార్థం నింపితే లోపలి ముఖం 18 డిగ్రీలకు పైనే ఉంటుంది. ఈ మూడు నాలుగు డిగ్రీల తేడాయే నల్లగోడకూ తెల్లగోడకూ మధ్య తేడా.

గోడ మధ్యలో కన్న మూలల్లో, గోడా కప్పూ కలిసే చోట, కిటికీ పక్కన చల్లదనం ఇంకా ఎక్కువ. అన్నిటికన్న అన్యాయమైన చోటు బీరువా వెనుక. గదిలోని వెచ్చని గాలి అక్కడికి చేరదు. గది నుంచి గోడకు అందవలసిన వేడిని బీరువా, అందులోని బట్టలు అడ్డుకుంటాయి. ఆవిరి మాత్రం సందుల్లో నుంచి నిరాటంకంగా చేరుతుంది. అక్కడ గోడ 10 డిగ్రీలకూ, అంతకన్న దిగువకూ పడిపోవడం వింత కాదు. కావున పట్టుచీరల బీరువానూ, పిల్లల మంచాన్నీ బయటిగోడకు ఆనించి పెట్టరాదు. లోపలిగోడ పక్కకు జరపాలి. చోటు చాలకపోతే కనీసం ఒక జానెడు ఎడమైనా ఉంచి, కింద, పైన గాలి ఆడేటట్టు చూడాలి. కాసు ఖర్చు లేని ఈ పని చేసే ఇళ్లు తక్కువ.

ఆవిరి ఎక్కడి నుంచి వస్తున్నది? నలుగురున్న ఇంట్లో ఊపిరి, స్నానం, వంట, బట్టల ఆరబోత అన్నీ కలిసి రోజుకు సుమారు 10 లీటర్ల నీరు గాలిలో కలుస్తుంది. ఇందులో వంటకు వచ్చిన చెడ్డపేరు దాని వాటాకు మించినది. ఇడ్లీపాత్ర ఆవిరి కంటికి కనబడుతుంది, కుక్కరు ఈల చెవికి వినబడుతుంది, పోపు వాసన గడప దాటుతుంది. వాసనకూ తేమకూ సంబంధం లేదన్న సంగతి చాలామందికి తట్టదు. నిజానికి ఉడకబెట్టిన బంగాళాదుంపలూ సాంబారూ గోడకు ఒక్కటే. గ్యాసు పొయ్యి అయితే గిన్నెలోని నీటితో పాటు మంట నుంచి కూడా నీరు పుడుతుంది. 16 గ్రాముల మీథేన్ మండితే 36 గ్రాముల నీటి ఆవిరి వస్తుందని ఇంటర్మీడియెట్ రసాయనశాస్త్రం చదివిన ప్రతివారికీ తెలుసు. ఒక బర్నరు గంటసేపు గట్టిగా మండితే దాదాపు పావు లీటరుకు పైగా నీరు మంట నుంచే పుట్టినట్టు.

కంటికి కనబడని దోషులు వేరే ఉన్నారు. ఉతికిన బట్టలను రేడియేటర్ల మీద ఆరవేస్తే ఒక్క వాయికే రెండు లీటర్ల వరకు నీరు ఇంట్లోనే మిగిలిపోతుంది. డాబా మీద తీగ కట్టి గంటలో బట్టలు ఆరబెట్టుకొన్న దేశం నుంచి వచ్చినవారికి ఇది తోచకపోవడం సహజం. ఎండలో ఆరిన నీరు ఎక్కడికి పోయిందో అక్కడ ఎవరూ అడగలేదు. ఇక నిద్ర. నిద్రలో ఒక మనిషి గంటకు సుమారు 40 గ్రాముల ఆవిరిని ఊపిరితోనూ చర్మంతోనూ విడుస్తాడు. ఇద్దరు ఎనిమిది గంటలు పడుకుంటే 600 గ్రాముల పైమాట. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు ఉన్న పడకగది గాలి మొత్తం 20 డిగ్రీల వద్ద ఇముడ్చుకోగలిగినదే 500 గ్రాములు! తలుపులూ కిటికీలూ బిగించి పడుకుంటే ఆ మిగులు ఎక్కడికి పోవాలి? గోడకే.

ఇంటికి వచ్చిన పెద్దల గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మనుమడో మనుమరాలో పుట్టినప్పుడు అమ్మమ్మ, తాతయ్య ఆరునెలల వీసా మీద వస్తారు. వారికి దొరికేది మేడ మీది అతి చిన్న గది. దానికి రెండు పక్కలా బయటిగోడలే. వారికి చలి ఎక్కువ, కనుక కిటికీ మూసి, కిటికీ చట్రం పైన గాలి కోసం విడిచిన సన్నని చీలికలకు కూడా గుడ్డలు కుక్కి, తలుపు వేసుకుంటారు. పసిబిడ్డ ఉయ్యాల కూడా అదే గదిలో. ఇంట్లో అందరికన్న చెమ్మకు తట్టుకోలేని ప్రాణాలన్నీ అందరికన్న చల్లని గదిలో చేరుతున్నవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రకటించిన మార్గదర్శకాలలో చెమ్మకూ బూజుకూ శ్వాసకోశ వ్యాధులతో, ఉబ్బసంతో ఉన్న సంబంధాన్ని స్పష్టంగా పేర్కొన్నది. గదుల పంపకంలో ఈ సంగతి గుర్తుంచుకోవడం మందుల కన్న చౌక. కార్లు నిలిపే వైపు ఉన్న పెద్ద గదిని అతిథులకు అట్టిపెట్టి, ముసలివారిని, పసివారిని మూలగదికి పంపడం ఏ లెక్కన చూసినా తప్పే.

"వాన కురుస్తుంటే కిటికీ తెరిస్తే తేమ లోపలికి రాదా?" ఈ సందేహానికి మూలం కోస్తా ఆంధ్రలో ఉన్నది. శ్రావణమాసంలో కాకినాడలోనో మచిలీపట్నంలోనో బయటి గాలి 28 డిగ్రీల వద్ద ఘనమీటరుకు 23 గ్రాముల ఆవిరిని మోస్తుంటుంది. అక్కడ వానగాలి నిజంగానే తడిగాలి. తలుపులు వేసుకోవడంలో అర్థమున్నది. ఇంగ్లండు జనవరి వానగాలి వేరు. 5 డిగ్రీల వద్ద, 90 శాతం ఆర్ద్రతతో ఉన్నా అందులో ఆవిరి 6 గ్రాములే. అది ఇంట్లోకి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే దాని ఆర్ద్రత 35 శాతం లోపే. అంటే బయట ఎంత ముసురు పట్టి ఉన్నా, ఆ గాలి ఇంటిని ఆరబెట్టే గాలి. ఒక దేశంలో వివేకమైనది మరొక దేశంలో పొరపాటు అయ్యే సందర్భాలలో ఇది ఒకటి.

వేడి పోతుందన్న భయమూ లెక్కకు నిలవదు. 30 ఘనమీటర్ల గది గాలి మొత్తం మార్చి, కొత్త గాలిని 15 డిగ్రీలు వేడి చేయడానికి పట్టేది ఒక యూనిట్ శక్తిలో సుమారు ఆరో వంతు. గ్యాసు ధరలలో అది పెన్నీ, రెండు పెన్నీల వ్యవహారం. దానికి బదులుగా బయటకు పోయేది ఒక చిన్న గ్లాసుడు నీరు. వేడి ఎక్కువగా నిలవ ఉండేది గోడలలోనూ, సామానులోనూ. పది నిమిషాలు ఎదురెదురు కిటికీలు బార్లా తెరిచి మూస్తే గాలి మారుతుంది కాని గోడలు చల్లబడవు. రోజంతా ఒక కిటికీ బెత్తెడు తెరిచి ఉంచితే మాత్రం ఆ కిటికీ చుట్టూ గోడ చల్లబడి అక్కడే బూజు లేస్తుంది. జర్మనీలో అద్దెకుండేవారికి ఉదయం, సాయంత్రం ఇలా కొద్దిసేపు కిటికీలు పూర్తిగా తెరవడం నిత్యకృత్యం. తెలుగువారికి సంధ్యావందనం వేళలు తెలిసినవే కనుక అలవాటు చేసుకోవడం కష్టం కాకూడదు.

వంటింట్లో, స్నానాల గదిలో ఆవిరిని పుట్టినచోటనే పట్టి బయటకు తోసే ఫ్యాను ఉండాలి. ఇంగ్లండు భవన నిబంధనలు కొత్త పనులకు విధించే ప్రమాణం పొయ్యి పైన సెకనుకు 30 లీటర్ల గాలి, స్నానాల గదిలో 15 లీటర్లు. ఇక్కడ ఒక చేదు నిజం చెప్పుకోవాలి. సొంత ఇల్లు కొనుక్కొన్న తెలుగు కుటుంబాలు వంటిల్లు బాగు చేయించేటప్పుడు గ్రానైటు బల్లకు వేల పౌండ్లు పెడతాయి. పొయ్యి పైన మెరిసే పొగగూడు బిగిస్తాయి. అది చాలాచోట్ల గాలిని బొగ్గుపొరలో వడగట్టి తిరిగి గదిలోకే వదిలే రకం. వాసన కొంత తగ్గుతుంది, ఆవిరి ఒక్క చుక్క తగ్గదు. గోడకు కన్నం పెట్టి గొట్టం బయటకు వేయించడానికి అయ్యే ఖర్చు గ్రానైటు ఖర్చులో ఒక మూలకు రాదు. కాని గొట్టం బంధువులకు కనబడదు కదా!

వేడి చేయడంలోనూ ఇటువంటి పొదుపే జరుగుతున్నది. సాయంత్రం ఒక గంట ఇల్లంతా భగ్గుమనిపించి ఆపివేయడం, పడకగదుల రేడియేటర్లు పూర్తిగా కట్టివేసి వంటింటి ఆవిరి అక్కడికి వెళ్లి దిగేటట్టు చేయడం. గాలి గంటలో వేడెక్కుతుంది, తొమ్మిది అంగుళాల గోడ వేడెక్కదు. రాత్రంతా చల్లగా మిగిలిన ఆ గోడ మీద వెచ్చని గాలి తన బరువు దింపుకొంటుంది. తక్కువ వేడిని ఎక్కువ గంటలు ఇవ్వడం గోడకు మంచిది. అయితే ఇంధనం ధరలు 2021 నుంచి ఎంత పెరిగినవో ఎరిగినవారు ఈ సలహాను అందరికీ ఒకే గొంతుతో చెప్పలేరు. జీతం చాలని కుటుంబానికి ఇల్లు వెచ్చగా ఉంచుకోమని హితవు చెప్పడం ఆకలిగొన్నవానికి పోషకాహార పాఠం చెప్పడం వంటిది. అక్కడే ప్రశ్న ఇంటివారి అలవాట్ల నుంచి గోడ వైపు తిరుగుతుంది.

గోడను వెచ్చగా చేయడమే శాశ్వతమైన మందు. వెలుపల ఉష్ణనిరోధక పలకలు కట్టి పూత వేయడం అన్నిటికన్న మేలు, ఖర్చూ అంతే. లోపలి వైపు పలకలు బిగించడం చౌక, కాని అజాగ్రత్తగా చేస్తే కొరివితో తల గోక్కొన్నట్టే. పలకల వెనుక ఇటుక ఇప్పుడు మునుపటి కన్న చల్లగా ఉంటుంది. సందుల గుండా ఆవిరి అక్కడికి చేరితే కంటికి కనబడని చోట నీరు కట్టి దూలాల కొనలను కుళ్లిస్తుంది. అందుచేత అంచులు, ప్లగ్గుల కన్నాలు పూర్తిగా మూయగల పనివానిచేత, బయటి వానచెమ్మ లేదని నిర్ధారించుకొన్న తరువాతనే చేయించాలి. ఇంటిని బిగించిన కొద్దీ గాలి ప్రసారం పెంచాలి. పాత పొగగొట్టాలు మూసి, డబుల్ గ్లేజింగు వేసి, గాలిదారి మాత్రం చూపకుండా వదిలిన ఇళ్లలో బూజు పెరిగిందంటే ఆశ్చర్యమేమున్నది? బొగ్గు పొయ్యి మండినన్నాళ్లూ పొగగొట్టం గది గాలిని నిరంతరం పైకి లాగివేసేది. ఆ పని ఇప్పుడు చేసేవారెవరూ లేరు.

రోగనిర్ణయం తప్పితే వైద్యమూ తప్పుతుంది. గోడ చెమ్మలన్నీ ఒకటి కావు. వాన తరువాత ఒకేచోట మరక పెద్దదైతే అది పగిలిన గొట్టమో, కదిలిన పెంకో. నేల నుంచి మీటరు ఎత్తు వరకు అలల గీతతో, తెల్లని ఉప్పు పొరతో ఉంటే అది భూమి నుంచి పాకిన చెమ్మ. కోస్తా జిల్లాల్లో చవుడు దేలిన గోడలను చూసినవారు దాన్ని ఇట్టే పోల్చగలరు. చలికాలంలో మాత్రమే, మూలలలో, బీరువాల వెనుక, నల్లని చుక్కలుగా వచ్చేది గాలిలోని ఆవిరి పని. ఈ మూడవ రకానికి గోడలో రంధ్రాలు చేసి మందు ఎక్కించే వ్యాపారులకు వందల పౌండ్లు సమర్పించుకోవడం కంటిజబ్బుకు కాలికి కట్టు కట్టించుకోవడమే. ముందుగా పది పౌండ్ల లోపు దొరికే ఆర్ద్రతమాపకం ఒకటి పడకగదిలో పెట్టి రెండు వారాలు అంకెలు రాసుకోవాలి. 40, 60 శాతాల మధ్య ఉంటే ఇంటివారి పని చాలావరకు సవ్యంగా ఉన్నట్టు. అంకె అలా ఉన్నా బూజు పడుతుంటే దోషం గోడది. ఆ కాగితం యజమాని ముందు పెట్టవచ్చు.

పట్టిన బూజును తీయడంలో ఒక హెచ్చరిక. బూజు దులపడం అన్నది సాలెగూళ్లకు సరిపోతుంది గాని దీనికి కాదు. పొడిగా దులిపితే బీజాలు ఇల్లంతా ఎగురుతాయి. ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకొని, కిటికీ తెరిచి, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారవేయాలి. బ్లీచిని మరే శుభ్రపరిచే ద్రవంతోనూ కలపరాదు, విషవాయువులు పుడతాయి. పిల్లలను ఆ పూట ఆ గదిలోకి రానీయరాదు.

ఇదంతా ఒక ఇంటి గోడ సంగతిగా మిగిలిపోకుండా దేశం సంగతి అయినది ఒక పసివాని మరణంతో. మాంచెస్టర్ పక్కనున్న రాచ్‌డేల్ పట్టణంలో 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాలుడు మరణించాడు. అద్దె ఫ్లాటులో దీర్ఘకాలం బూజు పీల్చడం వలన వచ్చిన తీవ్రమైన శ్వాసకోశ వ్యాధే కారణమని 2022 నవంబరులో మరణ విచారణాధికారి తేల్చారు. సూడాన్ నుంచి వచ్చిన అతని తండ్రి 2017లోనే బూజు గురించి చెప్పుకొంటే, పైన రంగు వేసుకోమన్నారు. ఆ కుటుంబపు జీవన విధానమే కారణమని ఇల్లిచ్చిన సంస్థ ఊహించింది. ఆ ఊహ తప్పని తరువాత తానే ఒప్పుకొన్నది. చెమ్మను అద్దెదారుల జీవనశైలిగా తోసిపుచ్చడం మానాలని గృహవసతి అంబుడ్స్‌మన్ 2021 అక్టోబరులోనే ప్రత్యేక నివేదికలో చెప్పి ఉన్నారు.

భారతీయుల వంట మీద ఉన్న దురభిప్రాయం ఎంత దూరం పోగలదో 2017లో కెంట్ ప్రాంతపు ఒక ఇళ్ల యజమాని చూపించాడు. కూర వాసన నిలిచిపోతుందన్న సాకుతో దక్షిణాసియా వారికి ఇళ్లు ఇవ్వవద్దని ఏజెంట్లకు రాశాడు. మెయిడ్‌స్టన్ న్యాయస్థానం ఆ ఏడాదే అది చట్టవిరుద్ధమని చెప్పింది. ఆ యజమాని నోటితో అన్నది ఎందరు మనసులో అనుకొంటున్నారో! సాంబారు కాచినందుకు సిగ్గుపడి బూజును సహించే కుటుంబం తన పిల్లల ఊపిరితిత్తులతో ఆ దురభిప్రాయానికి పన్ను కడుతున్నది. వంట చేసుకోవడం, స్నానం చేయడం, ఊపిరి తీయడం ఇంటిని దుర్వినియోగం చేయడం కాదు. వాటికోసమే ఇల్లు.

చట్టం ఇప్పుడు కొంత తోడున్నది. నివాసయోగ్యత గురించి 2018లో వచ్చి 2019 మార్చిలో అమలైన చట్టం ప్రకారం ఇంగ్లండులో అద్దె ఇల్లు మనుషులు ఉండదగినదై ఉండాలి. చెమ్మ పరిశీలించవలసిన అంశాలలో ఒకటి. అవాబ్ పేరు మీద వచ్చిన నిబంధనలు 2025 అక్టోబరు 27 నుంచి సామాజిక గృహాలకు వర్తిస్తున్నవి. ప్రమాదం అత్యవసరమైతే 24 గంటల్లో, తీవ్రమైన చెమ్మ అయితే 10 పనిదినాల్లో పరిశీలించి, ఆ తరువాత 5 పనిదినాల్లో రక్షణ పనులు చేయాలి. వీటిని ప్రైవేటు అద్దె ఇళ్లకు విస్తరింపజేయడానికి 2025లోనే వచ్చిన అద్దెదారుల హక్కుల చట్టం దారి వేసింది. స్థానిక మండలి పర్యావరణ ఆరోగ్య అధికారిని పిలిపించే హక్కు ప్రైవేటు అద్దెదారుకూ ఉన్నది. ఫిర్యాదు ఫోనులో కాక రాతలో, తేదీలతో, ఫోటోలతో, ఆర్ద్రత అంకెలతో వెళ్లాలి. వీసా చిక్కులకు భయపడి ఊరుకొనే కొత్త కుటుంబాలకు ఆ ఉత్తరం రాసిపెట్టగల పాతకాపులు ప్రతి ఊరి తెలుగు సంఘంలోనూ ఉన్నారు.

అద్దెకు ఇచ్చే తెలుగువారి మాట కూడా ఒకటున్నది. మొదటి ఇల్లు అమ్మకుండా అద్దెకిచ్చి రెండవ ఇంట్లోకి మారినవారు కొన్నివేల మంది కాకపోయినా కొద్దిమంది కాదు. అద్దెకు చేరేది తరచుగా నిన్న హైదరాబాదు నుంచో విశాఖపట్నం నుంచో వచ్చిన కుర్రదంపతులే. బూజు గురించి వారు ఫోను చేసినప్పుడు "మేమున్నప్పుడు ఏమీ లేదండీ, మీరు కిటికీలు తెరవడం లేదేమో" అన్న మాట అలవోకగా వస్తుంది. పదిహేనేళ్ల కిందట తమకు చెప్పిన మాటే అది. ఆ ఫోను పెట్టేసిన తరువాత చేయవలసిన పని రెండు గంటలది. వెళ్లి స్నానాల గది ఫ్యానుకు ఒక పలుచని కాగితం అంటించి చూడాలి. కాగితాన్ని పట్టి నిలపలేకపోతే ఆ ఫ్యాను మార్చాలి. ఉత్తరపు మూలగది గోడకు చేయి ఆనించి చూడాలి.